హోరు లేని సెట్టు

తణుకులో కొమ్మోజు భద్రాచారి ఇరవై ఏడేళ్ళుగా పాటల సెట్లు తయారు చేస్తున్నాడు. టేకు చెక్క కోసి పెట్టె బిగించేది ఆయనే, ట్రాన్స్‌ఫార్మరుకు రాగి తీగ చుట్టేది ఆయనే. స్పీకరు ముందు కప్పే నల్లగుడ్డ కూడా ఆయన భార్య వరాలమ్మే కుడుతుంది. ఇంతా చేసి సెట్టు నుదుటి మీద మాత్రం 'గ్రూబెన్‌హాల్ - జర్మనీ' అని వెండి రంగు స్టిక్కరు అంటిస్తాడు. ఆ పేరు ఆయన రైసుమిల్లులో మూలపడ్డ ఆయిలింజను మూత మీద చదివాడు. సగం అక్షరాలు అరిగిపోయి ఉంటే మిగతా సగం తనే ఊహించుకున్నాడు. స్టిక్కర్లు పెళ్ళి శుభలేఖల ప్రెస్సులో అచ్చవుతాయి.

ఆయన్ని మోసగాడని తొందరపడి అనుకోకండి. మొదటి రెండేళ్ళూ భద్రాచారి తన పేరుతోనే అమ్మబోయాడు. వచ్చినవాళ్ళు పాట విని తల ఊపేవారు, పెట్టె నిమిరేవారు, వంగి పేరు చదివేవారు. చదవగానే "ఓహో, లోకలాండీ?" అని చెయ్యి వెనక్కి తీసుకునేవారు. స్టిక్కరు అంటించిన వారంలో మూడు సెట్లు వెళ్ళిపోయాయి.

"జర్మనీ వాడి పనితనవే వేరండి ఆచారిగారూ. మనోళ్ళు ఇలాంటిది ఏడు జన్మలెత్తినా చెయ్యలేరు," అని కొన్నవాళ్ళు ఆయన మొహం మీదే అనేవారు.

"ఆయ్, మరేనండి," అనేవాడు ఆచారి. పైకి నవ్వేవాడు గాని లోపల ఒళ్ళు మండిపోయేది. తన చేతి పని మీద తన పేరు మళ్ళీ ఒక్కసారి చూసుకోవాలన్నది తప్ప ఆయనకు ఈ జన్మలో వేరే కోరిక లేదు. ఆ కోరిక వరాలమ్మకు తెలుసు, ఆయన దగ్గర ఇరవై ఏళ్ళుగా టంకం పెడుతున్న ఇస్మాయిల్‌కు తెలుసు. మూడో మనిషికి చెప్పుకుంటే పరువు పోతుందని ఊరుకున్నాడు.

అలాంటి సమయంలో దేశానికి హఠాత్తుగా చెవుల మీద అభిమానం పుట్టుకొచ్చింది. మన పాటలు పరాయి పెట్టెల్లోంచి వినడమేమిటని ఎవరో పెద్దమనిషి ఒక సభలో అడిగాడు, సభంతా చప్పట్లు కొట్టింది. వారం తిరిగేసరికి ఊరూరా అదే మాట. భీమవరంలో ఒకాయన విదేశీ హెడ్‌ఫోన్లను నలుగురూ చూస్తుండగా కాలవలోకి విసిరాడు. మర్నాడు వల వేయించి తీయించుకున్నాడని కూడా చెప్పుకున్నారు. ఆ వేడి మీదే శబ్ద పరికరాల జాతీయతా నిర్ధారణ మండలి ఏర్పడింది, దాని వెనకే ఒక ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు ప్రకారం ఇక మీదట దొంగ విదేశీ పేరుతో సెట్టు అమ్మితే నేరం. ఇక్కడ పుట్టిన సెట్టును మండలివారు స్వయంగా విని నీలం కార్డు ఇస్తారు. కార్డు వచ్చిన సెట్టుకు తయారు చేసినవాడి పేరు ఇత్తడి పలక మీద చెక్కించి బిగించి తీరాలి. కార్డు లేని దుకాణానికి నెలాఖరున సీలు పడుతుంది.

పేపర్లో ఇది చదివి భద్రాచారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇస్మాయిలూ, పేరు చెక్కించకపోతే నేరవంట్రా!" అన్నాడు.

"చూసేనండి. ప్రభుత్వానికి మీ మనసులో మాట ఎవరు చెప్పేసేరో," అన్నాడు ఇస్మాయిల్.

ఆ పూటే ఇద్దరూ కూర్చుని దుకాణంలో ఉన్న స్టిక్కర్లన్నీ గోళ్ళతో గీకి పారేశారు. సాయంత్రానికి ఆచారి ఇత్తడి పలక చెక్కించుకొచ్చాడు. 'కొమ్మోజు భద్రాచారి, తణుకు'. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయని వరాలమ్మ అంది. పాతికేళ్ళ బాకీ కదా, ఆ మాత్రం ఉంటాయిలే అన్నాడాయన.

మండలి కార్యాలయం విజయవాడలో. భద్రాచారి, ఇస్మాయిల్ తమ సెట్టును దుప్పట్లో చుట్టుకుని పొద్దున్నే వెళ్ళేసరికి వరండాలో అప్పటికే ఒకాయన పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఏలూరులో ఆడియో షోరూం నడిపే తాతాజీ. ఆయన పెట్టెలు ఓడలో అట్టపెట్టెలతో సహా దిగుతాయి, స్క్రూడ్రైవరు మొహం కూడా చూడవు. ఆయన మాత్రం ఒక్కో పెట్టెనూ బోర్లించి అడుగున నాలుగు రబ్బరు బుష్‌లు గమ్ముతో అంటిస్తున్నాడు.

"ఏంటండి తాతాజీగారూ ఇది?" అన్నాడు భద్రాచారి.

"స్వదేశీకరణండి," అన్నాడు తాతాజీ, వేలికంటిన గమ్ము తుడుచుకుంటూ.

లోపల శ్రవణాధికారి చెన్నాప్రగడ ఉమాపతిరావుగారు, ఇద్దరు సహ శ్రవణాధికారులు కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్నారు. చూపు వల్ల పక్షపాతం కలుగుతుందని అది మండలి ఏర్పాటు. గుమాస్తా చదివి వినిపిస్తాడు, వాళ్ళు వింటారు.

"పెట్టె, తీగలు, స్పీకర్లు విదేశం. పాదాలు అత్తిలి సంతలో కొన్నవి," అని చదివాడు గుమాస్తా.

ఉమాపతిరావుగారు చాలాసేపు ఆలోచించారు. "దేశం మీద ఆని నిలబడునవి ఏవి? పాదములు. పాదములు స్వదేశీయములైనప్పుడు పైనున్న శరీరమును గురించి ఆరా తీయుట అమర్యాద. వినిపించండి."

తాతాజీ స్విచ్చి వేశాడు. పాటకన్నా ముందు పెట్టెలోంచి గుంయ్‌మని హోరు లేచింది. ముగ్గురి మొహాలూ వికసించాయి. పాట పెట్టకుండానే నీలం కార్డు ఇచ్చేశారు.

భద్రాచారి వంతు వచ్చింది. ఆయన దుప్పటి విప్పి, తీగలు కలిపి, స్విచ్చి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదిలో నిశ్శబ్దం.

"ఎప్పుడు వేయుదురు?" అన్నారు ఉమాపతిరావుగారు.

"వేసేనండి. సెట్టు ఆన్‌లోనే ఉంది."

"ఆన్‌లో ఉన్నచో ఏమియు వినపడదేమి?"

"పాట ఇంకా పెట్టలేదు కదండీ. పాట లేకపోతే ఏవీ వినపడకూడదండి. అదే కదండీ దాని గొప్ప," అన్నాడు భద్రాచారి గర్వంగా.

గంతల కింద ముగ్గురి భృకుటులూ ముడిపడ్డాయి. పాట పెట్టించారు. వీణ వినిపించింది, తీగ మీద గోరు తగిలిన చప్పుడుతో సహా. ఒక సహ శ్రవణాధికారి తెలియకుండా తాళం వేయబోయి పక్కాయన దగ్గుతో ఆపుకున్నాడు. ఉమాపతిరావుగారు చెయ్యెత్తారు.

"విదేశీయము. బహుశా జర్మను."

భద్రాచారి ఒక అడుగు ముందుకు వేశాడు. "అయ్యా, తీగ నేను చుట్టేనండి! చెక్క నేను కోసేనండి! గుడ్డ మా ఇంటావిడ కుట్టిందండి!"

"వస్తువు ఎచట పుట్టినదని మండలి అడుగుట లేదు. శబ్దము ఎచట పుట్టినదని అడుగుచున్నది," అన్నారు ఉమాపతిరావుగారు గంత విప్పుతూ. "దేశమంతటా ఆరువందల పన్నెండు స్థలముల యందు శబ్ద నమూనాలు సేకరించితిమి. బస్టాండులు, కల్యాణ మండపములు, రైల్వే ప్లాట్‌ఫారములు, ఎన్నికల జీపులు. గాయకులు మారిరి, భాషలు మారినవి, కాని అన్ని నమూనాలయందును ఎడతెగక వినిపించిన నాదము ఒక్కటే. హోరు. అది ఈ జాతి నేపథ్య నాదము. తమ సెట్టులో అది మచ్చుకైనను లేదు."

"అయ్యా, అది రోగవండి. ఎర్త్ వైరు సరిగ్గా ఇవ్వకపోతే వచ్చేది."

"జాతి నాదమును రోగమనుచున్నాడు. వ్రాసికొనుము," అన్నారు ఉమాపతిరావుగారు గుమాస్తాతో.

అప్పీలు చేసుకుంటే క్షేత్ర విచారణ జరుపుతామన్నారు. భద్రాచారి అప్పీలు చేసుకున్నాడు. పది రోజులకు పొద్దున పదకొండింటికి తణుకులో ఆయన దుకాణం ముందు జీపు ఆగింది. ఉమాపతిరావుగారు, గుమాస్తా దిగి లోపలికి వచ్చారు. పలకరింపులు కూడా లేవు.

"జర్మను ఎక్కడ?" అన్నారు ఉమాపతిరావుగారు.

"ఏ జర్మనండి?"

"ఈ సెట్లు చేయుచున్న జర్మను. దాచుట వలన తమకే నష్టము."

బల్లల కింద చూశారు, చెక్కపొట్టు కుప్పను కర్రతో కదిపారు, అటక మీదికి గుమాస్తాను ఎక్కించారు. అతను దగ్గుకుంటూ దిగాడు. ఈలోగా వరాలమ్మ మర్యాదకు లోటు రాకూడదని నాలుగు గ్లాసుల కాఫీ తెచ్చింది. ముగ్గురు తీసుకున్నారు. నాలుగోది పళ్ళెంలో ఉండిపోయింది.

"ఇది ఎవరికి?" అన్నారు ఉమాపతిరావుగారు టక్కున.

"ఇస్మాయిల్‌కండి. రంజాను రోజాలో ఉన్నాడని మర్చిపోయి తెచ్చేసేను," అంది వరాలమ్మ.

"నాలుగవ గ్లాసు. త్రాగు వ్యక్తి కనబడలేదు," అని గుమాస్తా రాసుకున్నాడు.

భద్రాచారి తల పట్టుకున్నాడు. ఇక ఊరుకుంటే లాభం లేదని, తన చేతనయిన సాక్ష్యం తను చెప్పాడు. "అయ్యా, ఏ జర్మనూ లేడండి. విని సరి చేసుకోడమే నా విద్య. తవరి జీపు వచ్చినప్పుడే విన్నాను, రెండో సిలిండరు సరిగ్గా కొట్టట్లేదు. అదుగో, ఆ ఫ్యానుంది చూసేరా? బేరింగు ఎండిపోయింది, వారంలో ఆగిపోద్ది. మీ జేబులో వాచీ కూడా..."

"చాలు!" అన్నారు ఉమాపతిరావుగారు. ఆయన కళ్ళు మెరిశాయి. ఇంత సేపూ వెతుకుతున్నది దొరికిన మనిషి మొహం అది. "స్థానిక ప్రమాణములకు ఇంతటి శ్రవణశక్తి లేదు, ఉండుటకు వీలు లేదు. గుమాస్తా! జర్మను దాగినది అటకపై కాదు. ఈయన చెవిలో."

మూడో రోజున తాఖీదు వచ్చింది. కొమ్మోజు భద్రాచారి చెవులు విదేశీ ప్రమాణములకు చెందినవిగా తేలినందున, సదరు చెవులను విదేశీయుల రిజిస్టరులో నమోదు చేయించుకోవలెనని, అంతవరకు వాటి సాయంతో ఏ సెట్టునూ తయారు చేయరాదని, నీలం కార్డు లేనందున ముప్పయ్యో తేదీన దుకాణానికి సీలు వేయబడునని అందులో ఉంది. చెవులు ఒక దేశానివి, తక్కిన ఒళ్ళు ఒక దేశానిది అయితే ఓటు హక్కు సంగతేమిటని వరాలమ్మ అడిగింది. తాఖీదులో దాని గురించి లేదు.

భద్రాచారి ఇత్తడి పలకను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఇస్మాయిల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఓ మాటండి. ఆఫీసులో అటెండరు చెప్పేడు. సెట్టుకి హమ్మింగు, అదేనండి ఆ హోరు, పెట్టుకొస్తే కార్డు ఇచ్చేత్తారంట."

"నా చేత్తో నేను సెట్టు పాడు చెయ్యాలా?"

"చెయ్యమని నేననలేనండి. కానీ నాకు యాభై దాటిపోయేయి. ఫోన్లు రిపేరు చేద్దావంటే చూపు ఆనట్లేదు. ఈ దుకాణం మూసేస్తే నాకు ఇంకో పని రాదండి," అన్నాడు ఇస్మాయిల్, నేల చూస్తూ. ఇరవై ఏళ్ళలో అతను తన గురించి అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

మర్నాడు భద్రాచారి సెట్టు విప్పాడు. విప్పడం చేతనయింది గాని పాడు చెయ్యడం చేతకాలేదు. హోరును ఆపే ఫిల్టరు కండెన్సరు ఒకటి పీకేవాడు, ఎర్త్ వైరు వదులు చేసేవాడు, అంతలోనే ఆయన ప్రమేయం లేకుండా చెయ్యి వెళ్ళి ఆ వైరును బిగించేసేది. మధ్యాహ్నం దాకా అంతే. ఆఖరికి స్క్రూడ్రైవరు ఇస్మాయిల్ చేతిలో పెట్టి, బయట మెట్ల మీద కూర్చుని రెండు చెవులూ మూసుకున్నాడు. ఇస్మాయిల్ రెండు కండెన్సర్లు తీసేసి ఎర్త్ వైరు కోసేశాడు. పెట్టె మూలిగింది. లోపల వరాలమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది.

విజయవాడలో ఈసారి స్విచ్చి వేయగానే గంతల కింద మూడు మొహాలూ పైకి లేచాయి.

"నేపథ్య నాదము ఉన్నది. కాని కూత లేదు. ఆవేశము చాలదు," అన్నారు ఉమాపతిరావుగారు.

ఇస్మాయిల్ గదిలో ఉన్న మైకును సెట్టుకు కలిపి స్పీకరు ముందు పెట్టాడు. కుయ్‌మని ఒక కూత లేచి కిటికీ అద్దాలు అదిరాయి. ఒక సహ శ్రవణాధికారి గంత పక్కనుంచి కన్నీరు కారింది. మా తాతగారి ఊరు గుర్తుకొచ్చిందన్నాడాయన. ఉమాపతిరావుగారు స్వయంగా లేచి వచ్చి భద్రాచారి భుజం తట్టారు.

"చూచితిరా? తమ లోపల ఉన్నదానినే మేము వెలికి తీసితిమి. జర్మను వెడలిపోయినాడు."

నీలం కార్డు వచ్చింది, దుకాణం నిలబడింది. ఆ తరవాత జరిగింది ఎవరూ ఊహించలేదు. తణుకులో హోరు ఒక గౌరవమై కూర్చుంది. ఇదివరకు కొన్నవాళ్ళు కూడా పాత సెట్లు మోసుకొచ్చి కాస్త హోరు పెట్టమని బతిమాలారు. "ఎంతైనా మనోడు మనోడేనండి. ఆ జర్మనీ వాడికి ఈ గుంయ్‌మనడం ఎక్కడ చేతనవుద్ది?" అని ఆయన మొహం మీదే అన్నారు. భద్రాచారి "ఆయ్, మరేనండి" అన్నాడు. చేతికి నిండా పనుంది, ప్రతి పెట్టె మీదా ఆయన పేరుంది. ఆయన మాత్రం దుకాణంలో పాటలు పెట్టడం మానేశాడు.

మండలి వార్షికోత్సవానికి భద్రాచారి సెట్టునే ఆదర్శ స్వదేశీ సెట్టుగా ఎంపిక చేశారు. విజయవాడలో పెద్ద హాలు, వేదిక మధ్యన పూలదండ వేసిన పెట్టె, దాని మీద తళతళలాడే ఇత్తడి పలక. ప్రార్థనాగీతం బదులు రెండు నిమిషాలు సెట్టు ఊరికే ఆన్ చేసి ఉంచుతారని, అందరూ లేచి నిలబడాలని ప్రకటించారు. హాలంతా లేచింది. గుంయ్‌మనే హోరులో వెయ్యిమంది తలలు వంచుకుని నిలబడ్డారు. అది అయ్యాక ఉమాపతిరావుగారు ముప్పావు గంట ప్రసంగించారు. ఆయన ఏమన్నారో హోరు వల్ల ఎవరికీ వినబడలేదు, అందువల్ల చప్పట్లు బాగా పడ్డాయి.

ఆఖరున ఒక అమ్మాయి పాడింది. మంచి గొంతు. కాని ఆ గొంతు మీద హోరు దుమ్ములా కప్పేసింది, పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా కూత లేచి పాటను మింగేసింది. భద్రాచారి మొదటి వరసలో కూర్చుని ఆ పిల్ల మెడ నరాలు ఉబ్బడం చూశాడు. ఆయనకు లేచి వెళ్ళి ఆ ఎర్త్ వైరు కలిపెయ్యాలనిపించింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

సభ అయ్యాక జనం వేదిక ఎక్కి సెట్టును చూస్తున్నారు. భద్రాచారి కూడా ఒక పక్కన నిలబడ్డాడు. ఒక పెద్దావిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని అక్కడికి వచ్చింది. ఆవిడే ఆ పిల్లకు సంగీతం నేర్పిన టీచరని మాటల్ని బట్టి తెలుస్తోంది. పిల్ల ఏడుస్తోంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి ఇత్తడి పలక చదివింది.

"కొమ్మోజు భద్రాచారి. తణుకు," అని పైకి చదివి, పక్కనే ఉన్నాడు కదా అని ఆయన్నే అడిగింది. "ఎవరండీ ఈయన? పిల్ల ఆర్నెల్లు సాధన చేసింది. ఇలాంటిది చేసి పైన పేరు కూడా వేసుకున్నాడు. చెవులు లేవూ ఈ మనిషికి?"

నాలుగడుగుల దూరంలో ఉమాపతిరావుగారు ఎవరితోనో ఫొటోకు నిలబడి ఉన్నారు. ఇస్మాయిల్ పక్కనుంచి ఆచారి మొహం వంకే చూస్తున్నాడు. భద్రాచారి పలక మీది అక్షరాలు ఒకసారి చూశాడు.

"ఉండేవాడమ్మా," అన్నాడు. "మంచి పనివాడు."